30.5 మిల్లీమీటర్ల ఖాళీ

మిర్రర్‌లెస్ మోజులో అందరి కళ్లూ కెమెరా బాడీ మీదే. డబ్బు పెట్టాల్సిన చోటు దాని ముందున్న గాజు.

ఈ వారం ముఖచిత్ర కథనానికి సంపాదకులు ఇచ్చిన ప్రశ్న చాలా సూటిది: ‘ఇప్పుడు ఏ మిర్రర్‌లెస్ కొనాలి?’ హైదరాబాద్‌లో అబిడ్స్, గన్‌ఫౌండ్రీ, కోఠి దుకాణాల్లో కౌంటరు ముందు నిలబడే కుర్రాళ్లు అడిగేదీ అదే. దానికి జవాబు ఆరు నెలలకోసారి మారుతుంది, పత్రిక అచ్చయ్యేలోపు మారినా ఆశ్చర్యం లేదు. మారని జవాబు ఒకటి నికాన్ కెమెరాతో పాటు ఇచ్చే మాన్యువల్‌లో ఉంది, బాక్సు తెరిచిన రోజు తర్వాత ఎవరూ తిరగేయని పేజీలో. కెమెరా నెత్తిన చిన్న సున్నా, దాని మధ్యగా ఒక అడ్డగీత ఉంటాయి. లోపల సెన్సర్ ఎక్కడుందో చెప్పే గుర్తు అది. లెన్స్ బిగించే లోహపు వలయం (మౌంట్) నుంచి ఆ గీత దాకా దూరం డీఎస్ఎల్ఆర్ మాన్యువల్‌లో 46.5 మిల్లీమీటర్లు, జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్ మాన్యువల్‌లో 16 మిల్లీమీటర్లు. తేడా 30.5 మిల్లీమీటర్లు. కళ్లను గుర్తుపట్టే ఆటోఫోకస్, చప్పుడు లేని షట్టర్, సెకనుకు ఇన్ని ఫ్రేములు అంటూ ప్రకటనలు ఊదరగొట్టే సంగతులన్నీ పైపై విషయాలనీ, అసలు మార్పు ఈ మూడు సెంటీమీటర్లలో జరిగిందనీ నా వాదన.

ఆ మూడు సెంటీమీటర్లూ అద్దానివి. ఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉండేది. అది వెలుగును పైకి, వ్యూఫైండర్‌లోకి మళ్లించేది. బటన్ నొక్కగానే టక్కున లేచి దారి ఇచ్చేది. అది లేచి దిగడానికి చోటు కావాలి గనక లెన్స్ ఎప్పుడూ దూరంగా నిలబడాల్సిందే. ఆ దూరాన్ని నికాన్ 1959లో 46.5గా నిర్ణయించుకుంది. సోవియట్ జెనిట్ లాంటి ఎం42 మరలున్న కెమెరాలది 45.46. కెనాన్ పాత ఎఫ్‌డీ లెన్స్‌లది 42, 1987లో తెచ్చిన ఈఎఫ్‌ది 44. ఈ చిల్లర తేడాలే ఏ లెన్స్ బతకాలో ఏది బీరువాలో పడి ఉండాలో తేల్చాయి. జెనిట్‌తో వచ్చిన హీలియోస్ 58 ఎంఎం లెన్స్‌ను నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు తగిలిస్తే సెన్సర్‌కు ఉండాల్సిన దానికంటే ఒక మిల్లీమీటరు ఎడంగా ఉంటుంది. ఒక మిల్లీమీటరే గదా అనుకోవద్దు. లెక్క వేస్తే, మధ్యలో సర్దుబాటు గాజు పెట్టకపోతే సుమారు మూడు మీటర్లు దాటిన ఏ వస్తువు మీదా ఫోకస్ కుదరదు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం స్పష్టంగా వస్తుంది, వెనక మొజంజాహీ మార్కెట్ గడియారం మీద ఎంత తిప్పినా ఫోకస్ నిలవదు. కెనాన్ సంగతి ఇంకా చోద్యం. రెండు మిల్లీమీటర్ల తేడాతో తన సొంత ఎఫ్‌డీ లెన్స్‌లనే అనాథలను చేసింది. అద్దం తీసేశాక నికాన్ 16, సోనీ 18, కెనాన్ ఆర్ఎఫ్ 20 మిల్లీమీటర్లకు దిగాయి. పాత లెన్స్‌లన్నీ అంతకంటే ఎక్కువ దూరం అడిగేవే. కాబట్టి ఆ తేడా పొడవున్న బోలు గొట్టం ఒకటి మధ్యలో పెడితే చాలు, అన్నీ పనిచేస్తాయి. నికాన్ అమ్మే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఎలక్ట్రానిక్స్ ఉన్నమాట నిజమే, గాజు మాత్రం లేదు. అది మోసుకొచ్చేది ముఖ్యంగా 30.5 మిల్లీమీటర్ల ఖాళీని.

ఈ లెక్క ఒకవైపే నడుస్తుంది. పాత లెన్స్ కొత్త బాడీకి వస్తుంది, కొత్త లెన్స్ పాత బాడీకి వెళ్లదు. దాంతో విలువల తూకం తిరగబడింది. ఇదివరకు మౌంట్ అంటే పెళ్లి సంబంధం లాంటిది, ఒకసారి కుదిరితే అంతే. ఇప్పుడు బాడీలు మారుతుంటాయి, లెన్స్ నిలుస్తుంది. సెకండ్ హ్యాండ్ బేరాల్లోనూ ఇది కనిపించాలి. డీఎస్ఎల్ఆర్ కొనేవాళ్ల మొదటి ప్రశ్న ‘షట్టర్ కౌంట్ ఎంత?’ మోటారు సైకిల్ తిరిగిన కిలోమీటర్ల లాగా అరుగుదలకు అదే కొలత. 2021లో నికాన్ తెచ్చిన జెడ్9లో మెకానికల్ షట్టరే లేదు. అరిగే భాగం లేనప్పుడు కౌంట్ అడిగి లాభమేమిటి? బాడీ పాతబడేది ఇక అరుగుదల వల్ల కాదు, వెనక మరో మోడల్ రావడం వల్ల. అంటే ఫోన్ దారిలో పోతోంది. అలాంటి వస్తువు మీద ఈఎంఐ కట్టి, దానికి కిట్ లెన్స్ తగిలించి తిరగడం నాకు అర్థం కాని సరదా.

పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఇక్కడ అడ్డుపడతారు, వాళ్లు చెప్పేదాంట్లో బలం ఉంది. తెల్లవారుజాము ముహూర్తానికి, జీలకర్ర బెల్లం పెట్టే ఆ కొన్ని క్షణాల్లో, చేత్తో ఫోకస్ తిప్పుతూ కూర్చుంటే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సిందే. పైగా ఎఫ్‌టీజెడ్‌లో మోటారు లేదు. బాడీలోని మోటారుతో నడిచే 50 ఎంఎం డీ రకం లెన్స్‌లకు ఆటోఫోకస్ పోతుంది. నిజమే. ఇంకా చెప్పాలంటే మిర్రర్‌లెస్ మీద వాళ్లు చెప్పని ఫిర్యాదులు కూడా ఉన్నాయి. నికాన్ లెక్క ప్రకారమే డీఎస్ఎల్ఆర్ డీ750 బ్యాటరీ ఒక ఛార్జికి 1,230 ఫొటోలు తీస్తే, మిర్రర్‌లెస్ జెడ్6 వ్యూఫైండర్ వాడితే 310 దగ్గర ఆగింది. చప్పుడు లేని షట్టర్ పంతులు గారికి హాయి, కానీ ఫంక్షన్ హాలు లైట్లు కరెంటుతో పాటు సెకనుకు వందసార్లు మినుకుతుంటాయి. సెన్సర్ వరుసలు నెమ్మదిగా చదివే కెమెరాల్లో వధువు ముఖం మీద నల్లటి చారలు పడతాయి. అయితే ఇవన్నీ బాడీ లోపాలు, వచ్చే మోడల్‌లో తగ్గే లోపాలు. నా వాదనకు అవి సాక్ష్యాలే. ఇక చేతి ఫోకస్ విషయం. పాత వ్యూఫైండర్‌లో అది అనుభవం మీద ఆధారపడ్డ విద్య. ఇప్పుడు ఫోకస్ పడ్డ అంచులు ఎర్రగానో పసుపుగానో వెలుగుతాయి, కన్ను వరకు పెంచి చూసుకోవచ్చు, ఏ లెన్సో చెబితే వణుకును సెన్సరే సర్దుతుంది. 1970ల నాటి లెన్స్‌కు దాని యవ్వనంలో లేని సౌకర్యాలివి. ముహూర్తం క్షణాలకు కాదు. ఆ తర్వాత పెరట్లో కూర్చున్న నాయనమ్మ చిత్రానికి అవి చాలు.

ఈ మలుపు దాకా నడిచిన చరిత్ర, క్లుప్తంగా: గాజు పలకల కాలంలో హైదరాబాద్‌కు ఫొటో అంటే రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన పలకలు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. తర్వాత స్టూడియోలు, ఫిల్ము రోళ్లు, 36 ఫ్రేముల పొదుపు, డిజిటల్. 2008లో పానసోనిక్ జీ1, 2013లో ఫుల్ ఫ్రేమ్‌తో సోనీ ఏ7 అద్దం లేకుండా వచ్చాయి, 2018లో నికాన్, కెనాన్ కూడా ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి దిగాయి. 2020కల్లా మార్కెట్లోకి వచ్చే మిర్రర్‌లెస్‌ల సంఖ్య డీఎస్ఎల్ఆర్‌లను దాటింది.

బాక్స్: పాత లెన్స్ చేతికొస్తే
ముందు టార్చ్ వెయ్యండి, ఫోన్‌దైనా చాలు. మన వానాకాలం తేమకు లోపలి గాజు మీద సాలెగూడులా ఫంగస్ పాకుతుంది. అంచున చిన్న మచ్చ బొమ్మను పెద్దగా పాడుచేయదు, గాజు పూతను తినేసిన ఫంగస్ తుడిచినా పోదు. అపర్చర్ రెక్కల మీద నూనె మెరిస్తే అవి ఇరుక్కుంటాయి. ఫోకస్ రింగ్ చివరిదాకా తిరగాలి. దుమ్ము ఒకటి రెండు రేణువులుంటే భయపడకండి. హీలియోస్‌లో నేపథ్యం సుడి తిరిగినట్టు కనిపిస్తే అది రిపేరు చేయించాల్సిన జబ్బు కాదు. ఆ లెన్స్ డిజైన్‌లో సరిదిద్దని లోపమే అది, జనం ఇష్టపడి కొనేది కూడా దాన్నే.

‘ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు?’ అన్నది రెండో అభ్యంతరం, దీన్ని తోసిపుచ్చడం కష్టం. జపాన్ కెమెరా పరిశ్రమ సంఘం లెక్కల్లో 2010లో ప్రపంచమంతా పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైమాటే, 2020లో కోటి కంటే తక్కువ. పోయినవాటిలో సింహభాగం జేబు కెమెరాలు. ఫోన్ వాటిని మింగేసింది. మిగిలిన కొద్దిమంది కొనేది సౌకర్యం కాదు, ఫోన్ ఇవ్వలేనిది. ఫోన్‌లో నేపథ్యం మసకను సాఫ్ట్‌వేర్ గీస్తుంది, అందరికీ ఒకేలా గీస్తుంది. లెన్స్ ఇచ్చే మసకలో దాన్ని చేసిన ఫ్యాక్టరీ అలవాట్లుంటాయి. కెమెరా సంస్కృతి మారిందంటే ఇదీ ఒక మార్పే: లోపం లేని బొమ్మ ఫోన్‌లో ఉచితం కావడంతో, లోపానికి ధర పలుకుతోంది. వ్యూఫైండర్‌లో బొమ్మ ఎలా వస్తుందో నొక్కకముందే కనిపిస్తున్నప్పుడు ‘వెలుగు అంచనా’ అన్న పాత నైపుణ్యానికి గిరాకీ తగ్గి, ఏ గాజుతో చూడాలి, వేల ఫ్రేముల్లో ఏది ఉంచాలి అన్న ఎంపికకు పెరిగింది. ఇది నైపుణ్యం పోవడమని పెద్దలు బాధపడతారు. చోటు మారడమని నేనంటాను.

నా వాదనకు నిజంగా ఇబ్బంది కలిగించే అభ్యంతరం మూడోది. హీలియోస్ కరెంటు లేకుండా తిరుగుతుంది. నేటి మిర్రర్‌లెస్ లెన్స్‌లు చాలావాటిలో ఫోకస్ రింగ్‌కూ గాజుకూ నేరుగా సంబంధం లేదు. తీగలో సంకేతం వెళ్తే మోటారు కదులుతుంది, బాడీ సంకేతం పంపకపోతే లెన్స్ చచ్చినట్టే. మరి ఇవి యాభై ఏళ్ల తర్వాత ఎవరికి పనికొస్తాయి? అందుకే ‘లెన్స్ నిలుస్తుంది’ అన్న నా మాట చేత్తో తిరిగే పాత గాజుకు పూర్తిగా, కొత్తవాటికి బాడీ సంకేతం పంపాలన్న షరతుతో వర్తిస్తుంది. ఆ షరతు తాళాలు కంపెనీల దగ్గరున్నాయి. కెనాన్ 2018 నుంచి ఆర్ఎఫ్ తలుపు బిగించి ఉంచి, 2024లో గానీ సిగ్మా, టామ్రాన్‌ల ఆటోఫోకస్ లెన్స్‌లకు తెరవలేదు, అదీ చిన్న సెన్సర్ రకాలకే. అయినా తాళాలు తీసేవాళ్లు అప్పుడే పుట్టారు. సోనీ 18, నికాన్ 16. తేడా రెండు మిల్లీమీటర్లు. ఆ రెండు మిల్లీమీటర్లలోనే రింగు, సర్క్యూటు ఇరికించి, సోనీ లెన్స్‌ను నికాన్ బాడీ మీద ఆటోఫోకస్‌తో సహా నడిపించే అడాప్టర్లు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి. వాటికి రెండు కంపెనీల అనుమతీ లేదు. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చినప్పుడల్లా పనిచేస్తాయో లేదోనన్న భయమూ ఉంది. కాబట్టి సంపాదకుల ప్రశ్నకు నా జవాబు: బాడీ సెకండ్ హ్యాండ్‌లో, ఒక మోడల్ వెనకది. మిగిలిన డబ్బు లెన్స్‌కు, రింగ్ చేత్తో తిరిగేదైతే మరీ మంచిది.