3.4 ఫ్యూజు కాలినప్పుడు

చాలా కార్లలో రెండు ఫ్యూజు పెట్టెలుంటాయి: ఒకటి డ్యాష్‌బోర్డు కింద, రెండవది ఇంజను గదిలో. ఏ ఫ్యూజు ఏ సర్క్యూటుదో సాధారణంగా పెట్టె మూతపై ఉంటుంది. బ్లేడ్ ఫ్యూజు రంగు దాని సామర్థ్యాన్ని తెలుపుతుంది: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు.

హారన్ మోగడం లేదనుకోండి. ఇగ్నిషన్ ఆపి, ఫ్యూజు తీసి చూడండి. లోపలి లోహపు తీగ తెగి ఉంటే అదే సామర్థ్యం గల ఫ్యూజు అమర్చండి. అదీ వెంటనే కాలితే దోషం ఫ్యూజుది కాదు. వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతూ ఉండవచ్చు. బాడీ బ్యాటరీ రుణ ధ్రువానికి కలిసి ఉంటుంది కనుక షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అప్పుడు 15 బదులు 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టకండి. ఫ్యూజు నిలవవచ్చు గాని, వైరు వేడెక్కి మంటలు రావచ్చు. ఫ్యూజు ప్రధానంగా కాపాడేది వైరునే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: కొత్త ఫ్యూజు కూడా కాలితే మొదట ఏమి వెతకాలి? ఎందుకు?