ఇసుక తీరాన బాలబంది తీగ పెంపకం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌కు ఉత్తరాన ఉన్న తీరం కోతకు గురవుతున్నది. ఏడాది మొత్తం మీద ఇక్కడి ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి కదులుతుంది. 1976లో ఏర్పడిన ఔటర్ హార్బర్ అడ్డుగోడలు ఆ కదలికను నిలువరిస్తున్నందున, డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను రామకృష్ణా బీచ్ వైపు చేరవేయవలసి వస్తున్నది. అలలు అందని ఎగువ భాగంలో గాలికి లేచే ఇసుకను పట్టి ఉంచగల స్వదేశీ బహువార్షికం బాలబంది తీగ. దీని శాస్త్రీయ నామం ఐపోమియా పెస్-కాప్రే. మేక పాదమని అర్థం. ఆకు చీలికను చూస్తే ఆ పేరెందుకో తెలుస్తుంది.

చాలాకాలం పూసినా, నైరుతి వర్షాల తరువాత పూత విస్తారం. ఊదారంగు పూలు ఉదయం విచ్చుకొని మధ్యాహ్నానికి వాడతాయి. తేనెటీగలను, గండుతుమ్మెదలను పరిశీలించదలచిన విద్యార్థులు పెందలకడనే వెళ్లాలి.

వర్షాకాలంలో మూడు నాలుగు కణుపులున్న తీగ ముక్కలను, రెండు కణుపులు తడి ఇసుకలో మునిగేటట్లు నాటితే సులువుగా వేరూనుతాయి. పొరపాటు జరిగేది ఈ సులువు వల్లనే. ఒకే తీగ నుండి తీసిన ముక్కలన్నీ ఒకే జన్యురూపం. గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో జరిపిన ప్రయోగాలలో ఈ జాతికి స్వయం వంధ్యత్వం ఉన్నట్లు తేలింది; అనగా తన పుప్పొడితో తాను గింజ కట్టదు. అట్టి చోట పూలు, తుమ్మెదలు ఎన్ని ఉన్నా కాయలుండవు. గింజలు సముద్రపు నీటిలో తేలుతూ కొత్త తీరాలను చేరే మొక్కకు ఇది చిన్న నష్టం కాదు. కావున ఎడమెడంగా పెరిగిన ఐదారు తీగల నుండి ముక్కలు సేకరించి, కలిపి నాటించాలని నా సూచన. విత్తనంతో పెంచదలిస్తే గట్టి పైపొరను గరుకు కాగితంపై అరగదీసి, నానబెట్టి విత్తాలి.