కరెంటు పోతే సోలార్ కూడా ఎందుకు ఆగిపోతుంది?

మొన్న వనపర్తి నుంచి నాన్న ఫోన్ చేశాడు. "మేడ మీద సోలార్ పెట్టిస్తే, కరెంటు పోయినా ఫ్యాన్ తిరుగుతదా రా?" బీటెక్ చదివి రోజంతా కోడ్ రాసే నేను ఠక్కున "తిరుగుతది నాన్నా" అనేశాను. తప్పు చెప్పాను. రాత్రి కూర్చుని చదివితే గానీ అసలు సంగతి తెలియలేదు. మీ ఇంట్లోనూ ఈ ఆలోచన ఉంటే ముందే తెలుసుకోండి.

వన్ వే పోయి టూ వే వచ్చింది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు కరెంటు ఇచ్చేది టీజీఎస్‌పీడీసీఎల్. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో సీపీడీసీఎల్‌గా మొదలైన సంస్థ ఇది. ఇన్నేళ్లూ కరెంటు సబ్‌స్టేషన్ నుంచి ఇంటికే వచ్చేది. ఇప్పుడు ఇల్లు కూడా తిరిగి పంపుతోంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లినే చూడండి. 2025లో పూర్తి సోలార్ గ్రామమైంది. 480 ఇళ్ల మీద 3 కిలోవాట్ల చొప్పున, 11 ప్రభుత్వ భవనాల మీద 60 కిలోవాట్లు, మొత్తం 1,500 కిలోవాట్లు!

ఇక్కడ అసలు గ్యాడ్జెట్ ప్యానెల్ కాదు, నెట్ మీటర్. లైన్ నుంచి మనం తీసుకున్న యూనిట్లు, లైన్‌కి మనం ఇచ్చినవి విడివిడిగా లెక్కపెడుతుంది. బిల్లు ఆ తేడా మీదే. పొద్దుగూకాక ప్యానెల్ పని చేయదు కాబట్టి మళ్లీ లైన్ కరెంటే దిక్కు. జూరాల (234 మెగావాట్లు), శ్రీశైలం ఎడమగట్టు (900 మెగావాట్లు) లాంటి జల విద్యుత్ కేంద్రాలు అందుకే ఇంకా ముఖ్యం. నీళ్లుంటే నిమిషాల్లో స్టార్ట్ చేయొచ్చు.

మరి ఫ్యాన్ ఎందుకు తిరగదు?

మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్ వోల్టేజీని, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని ఎప్పుడూ గమనిస్తూ ఉంటుంది. లైన్ డెడ్ అయిందని తెలిస్తే దాదాపు రెండు సెకన్లలోపే ఆగిపోతుంది. దీన్నే యాంటీ ఐలాండింగ్ అంటారు. ఇది బగ్ కాదు, కావాలని పెట్టిన ఫీచర్.

ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పని చేస్తుంది. 11,000 వోల్టులను తగ్గించి మన ఇళ్లకిచ్చే అదే డబ్బా, ఇంటి నుంచి కరెంటు ఎదురెక్కితే దాన్ని మళ్లీ వేల వోల్టులు చేసేస్తుంది. సప్లై ఆపారు కదా అని స్తంభమెక్కిన లైన్‌మన్ చెయ్యి ఆ తీగ మీదే ఉంటుంది. మన ఫ్యాన్ ఆగేది అతని ప్రాణం కోసం.

కరెంటు పోయినా ఫ్యాన్ తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. అది ముందు ఇంటిని లైన్ నుంచి విడగొట్టి, తర్వాతే ఇంట్లోకి కరెంటు ఇస్తుంది. ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉన్నా, బ్యాటరీ ఖర్చు వేరేగా లెక్కేసుకోండి.

అందుకే వెండర్‌ని ముందుగా "ఎన్ని కిలోవాట్లు?" అని కాదు, "ఆన్‌గ్రిడ్డా, హైబ్రిడ్డా?" అని అడగండి. నేను నాన్నకి మళ్లీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఆగి అన్నాడు: "లైన్‌మన్ కోసమైతే ఆగనీ తియ్. విసనకర్ర ఉండనే ఉంది."