కాకినాడ హోప్ ఐలాండ్: ఈ ఏడాది దొరికిన ఫ్రేమ్ వచ్చే ఏడాది ఉండదు.. ఎందుకంటే!

రీల్స్‌లో ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. ఒకపక్క బంగాళాఖాతం అలలు, ఇంకోపక్క పెద్దగా కదలిక లేని నీళ్లు, మధ్యలో సన్నటి ఇసుక గీత. అదే కాకినాడ పక్కనున్న హోప్ ఐలాండ్. ఫోన్ తీసి క్లిక్ కొడితే చాలు, వాల్‌పేపర్ రెడీ అనిపిస్తుంది. కానీ వచ్చే ఏడాది అదే చోట నిలబడి మళ్లీ తీసి చూడండి.. అదే ఫొటో రాదు.

అసలు ఈ దీవి ఎలా పుట్టింది?

గోదావరి మోసుకొచ్చే ఇసుక, ఒండ్రు సముద్రంలో కలిశాక అక్కడే ఆగిపోవు. ఏడాదిలో ఎక్కువ కాలం అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా తీరాన్ని తాకుతాయి. ఆ తోపుడికి ఇసుక తీరం వెంబడే ఉత్తరానికి జరుగుతుంది. అలా సుమారు రెండు వందల ఏళ్లుగా పేరుకుంటూ దాదాపు 16 కిలోమీటర్ల పొడవు సాగింది ఈ దిబ్బ. పైనుంచి చూస్తే తోకకప్ప ఆకారం. పేరుకి ఐలాండే గానీ, నిపుణులు దీన్ని 'శాండ్ స్పిట్' అంటారు, అంటే సముద్రంలోకి చాచిన ఇసుక నాలుక. చేసే పని మాత్రం బ్యారియర్ ఐలాండ్ పనే. తుపాను అలల దెబ్బ ముందు ఇదే తింటుంది. కాకినాడ రేవులో నీళ్లు నెమ్మదిగా ఉండటానికి ఇదో పెద్ద కారణం. 1839 తుపానులో ఉప్పెన వచ్చి దగ్గర్లోని కోరంగి రేవును ఊడ్చేసింది. అలాంటి తీరంలో ఈ అడ్డుగోడ విలువ వేరే చెప్పాలా?

ఫొటోకి ఏ టైమ్ బెస్ట్?

ఇక్కడ ఒక లక్కీ పాయింట్ ఉంది. తూర్పు ఒడ్డున సముద్రం మీద సూర్యోదయం, పడమటి ఒడ్డున కాకినాడ బే మీద సూర్యాస్తమయం. రెండూ ఒకే దీవిలో! మధ్యాహ్నం తీస్తే ఇసుక మొత్తం తెల్లగా, చదునుగా పడుతుంది. పొద్దున్నే ఎండ పక్క నుంచి తగిలినప్పుడే గాలి గీసిన అలల గీతలు, పీతల బొరియలు, ఇసుకలో పాకే తీగల నీడలు తెలుస్తాయి. ఫోన్‌లో వెలుతురున్న చోట టచ్ చేసి ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి, ఆకాశం రంగు పోదు. లెన్స్‌ని చొక్కాతో తుడవొద్దు. ఇసుక రేణువు ఒక్కటి చాలు గీత పడటానికి.

రాత్రి ఫ్లాష్.. ఇదే అసలు సమస్య

ఈ ఇసుక తీరం కోరంగి అభయారణ్యం పరిధిలోకి వస్తుంది. ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఇక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి. ఒడ్డుకొచ్చే తాబేలుకి టార్చి, ఫ్లాష్ కనిపిస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోవచ్చు. సుమారు 45 నుంచి 60 రోజులకు బయటికొచ్చే పిల్లల సంగతి ఇంకా ఘోరం. అవి ఎక్కువ వెలుగున్న వైపు నడుస్తాయి. రాత్రి సముద్రం మీది ఆకాశమే వాటికి దారి. మీ ఫోన్ లైటు వెలిగితే సముద్రం వదిలేసి మీ వైపొస్తాయి, తెల్లారితే కాకులు, కుక్కల పాలు. మన చట్టంలో పులికి ఉన్నంత రక్షణ ఈ తాబేలుకీ ఉంది. కాబట్టి 'ఒక్క సెల్ఫీయే కదా' అంటే కుదరదు.

నిజం చెప్పాలంటే తాబేలు కంటే దాని జాడే మంచి ఫొటో. తెల్లవారుజామున చూస్తే తడి ఇసుక మీద ట్రాక్టర్ టైరు అచ్చులా ఉంటుంది. దాన్ని తొక్కి చెరిపేయకండి. గూళ్లు ఎక్కడున్నాయో వెతికేవాళ్లకు ఆ గుర్తే ఆధారం. గూడు ఫొటో పోస్ట్ చేస్తే లొకేషన్ ఆఫ్ చేయండి, గుడ్లు తవ్వుకుపోయేవాళ్లూ ఆ పోస్ట్ చూస్తారు. డ్రోన్ ఎగరేయాలన్నా ముందు అనుమతి ఉండాల్సిందే. బోటు మాట్లాడుకునే ముందే అటవీ శాఖను అడగండి.

ఫ్రేమ్ ఎందుకు మారుతుంది?

ఇసుక ఇక్కడ నిలకడగా ఉండదు. ఒక్క తుపాను చాలు ఒడ్డు రూపు మారడానికి. పైగా ఎగువన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతోంది, సముద్రానికి చేరేది తగ్గుతోంది. ఉత్తరాన ఉప్పాడ తీరం ఏటా కోతకు గురవడం న్యూస్‌లో చూస్తూనే ఉన్నాం. ఉత్తరానికి వెళ్లాల్సిన ఇసుకను హోప్ ఐలాండ్ ఆపేయడం కూడా దానికి ఒక కారణమన్న వాదన ఉంది. అంటే కాకినాడను కాపాడే దిబ్బే పక్క ఊరికి ఇసుక అందకుండా చేస్తోందా? విచిత్రమే!

నమ్మకం కుదరకపోతే గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ ఓపెన్ చేసి కాకినాడ దగ్గర జూమ్ చేయండి. 1984 నుంచి ఈ దిబ్బ ఎలా కదిలిందో నిమిషంలో కనిపిస్తుంది. మీరు వెళ్లినప్పుడు కూడా ఒక ఫొటో ఇలా తీయండి: కదలని గుర్తు ఏదైనా, చెట్టో కట్టడమో, ఫ్రేమ్‌లో ఉండాలి. ఫిల్టర్ వేయకుండా, తేదీతో సహా ఒరిజినల్ ఫైల్ దాచుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు అక్కడే నిలబడి ఇంకోటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.