మీటర్లో ఎర్ర లైటు ఎందుకు మిణుకుమంటుంది?

మీ ఇంటి కరెంటు మీటర్లో చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది, చూశారా? అది లెక్క పెడుతుంది! చాలా మీటర్ల మీద 3200 అనే అంకె ముద్రించి ఉంటుంది. లైటు అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ ఖర్చయినట్టు. యూనిట్ అంటే 1000 వాట్ల పరికరం గంటసేపు వాడుకునే కరెంటు.

పెద్దవాళ్లనడిగి ఇంట్లో అన్నీ ఆపించి, ఒక్క ఫ్యానే వేసి, గడియారం పట్టుకుని చూడండి. మీటరును మాత్రం ముట్టుకోవద్దు. 75 వాట్ల పాతరకం సీలింగ్ ఫ్యానైతే 15 సెకన్లకోసారి లైటు వెలుగుతుంది. 30 వాట్ల ‘బీఎల్‌డీసీ’ అనే కొత్తరకం ఫ్యానైతే 37 సెకన్ల దాకా ఆగాలి. గాలి మాత్రం దాదాపు అంతే!

ఎలా? పాత ఫ్యాన్‌లో తిరిగే భాగానికి సొంత అయస్కాంతం ఉండదు. తీగచుట్టల్లోని కరెంటే దాన్ని అయస్కాంతంలా మార్చాలి. ఆ పనిలో కొంత కరెంటు వేడిగా పోతుంది. చాలాసేపు తిరిగిన ఫ్యాన్ మోటారు వేడెక్కేది అందుకే. బీఎల్‌డీసీలో శాశ్వత అయస్కాంతాలే ఉంటాయి. ఏ తీగచుట్టకు ఏ క్షణాన కరెంటు ఇవ్వాలో చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ చూసుకుంటుంది. నాకైతే ఈ సర్క్యూట్ తెలివి చూస్తేనే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు ఫ్యాన్ కూడా ఆపేయండి. లైటు ఇంకా అప్పుడప్పుడు మిణుకుమంటోందా? రిమోట్‌తో ఆపిన టీవీ, సెట్‌టాప్ బాక్స్ లోపల మేలుకునే ఉన్నాయన్నమాట. ఇన్వర్టర్ ఉంటే దాని బ్యాటరీ చార్జింగ్ కూడా ఈ లెక్కలో కలుస్తుంది. గోడ స్విచ్‌లు ఒక్కొక్కటే ఆపుతూ పోతే, ఏది ఎంత కరెంటు లాగుతోందో తెలిసిపోతుంది.