మఫిన్లకు ఇడ్లీపాత్ర చాలు

బడి విడవగానే పిల్లలకు ఆకలి. మగ్గం మీదున్న తల్లి డబ్బులిచ్చి బేకరీకి పంపుతుంది. ధర్మవరంలో ఇది రోజూ చూసేదే. బేకరీ మఫిన్‌లో ఎక్కువ భాగం మైదా, చక్కెర, కొవ్వు.

ఇంట్లో ఇలా చేయండి. వేయించిన రాగిపిండి కప్పు, గోధుమపిండి అరకప్పు, మెదిపిన మాగిన అరటిపండ్లు రెండు, బెల్లంపొడి పావుకప్పు, పుల్లపెరుగు అరకప్పు, కాస్త నూనె, పావు చెంచా వంటసోడా గరిటజారుగా కలిపి, ఇడ్లీగుంటల్లో 15 నిమిషాలు ఆవిరిపై ఉడికించండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మైదాలో అందులో పదోవంతు కూడా లేదు.

వేరుసెనగలు మన సీమ పంటే. బూజు పట్టినవి ఏరేసి, వేయించి, పొడిచేసి కలపండి. ఐదేళ్లలోపువారికి గింజలుగా మాత్రం వద్దు. ఆడుతూ తింటే ఊపిరిగొట్టంలో పడవచ్చు. తింటుండగా ఉన్నట్టుండి దగ్గు మొదలై, పిల్లికూతలు వస్తుంటే జలుబేలే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.