చలికి వాడిన మొక్కకు నీళ్లు పోయవచ్చా?

సూరత్‌లో జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల సెల్సియస్. మనుషులకు ఇది హాయిగానే ఉంటుంది. కానీ ఇళ్లలో పెంచే తులసి, మనీప్లాంట్, తమలపాకు తీగ ఉష్ణమండల మొక్కలు. చలి అంతకంటే పెరిగి ఉష్ణోగ్రత 10–12 డిగ్రీలకు పడిపోతే, నీరు గడ్డకట్టకపోయినా వాటి కణాలు దెబ్బతింటాయి. చలికి కొబ్బరినూనె పేరుకున్నట్లే కణత్వచాల్లోని కొవ్వు పదార్థాలు బిగుసుకుంటాయి. అప్పుడు వేళ్లు నీటిని సరిగా పీల్చుకోలేవు. మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడిపోతాయి. దాహమనుకొని మళ్లీ నీళ్లు పోస్తే గాలి అందక వేళ్లు కుళ్లిపోతాయి. అంటే చలి కన్నా నీళ్లే ఎక్కువ హాని చేయవచ్చు.

అందుకే ముందు వేలితో అంగుళం లోతు మట్టిని తాకి చూడాలి. పొడిగా ఉంటేనే ఉదయం పూట, మరీ చల్లగా లేని నీరు పోయాలి. తడి మట్టికుండీ కూజాలాగే పనిచేస్తుంది: గోడల నుంచి తేమ ఆవిరవుతూ వేళ్లను చల్లబరుస్తుంది. కుండీని చల్లని గచ్చు మీద కాక పీట మీద ఉంచాలి. శీతాకాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కనుక పగలు దక్షిణపు కిటికీ దగ్గర పెట్టి, రాత్రి అద్దానికి దూరంగా జరిపితే చాలు. హీటరు పక్కన మాత్రం పెట్టకూడదు. ఆ పొడిగాలికి ఆకులు ఎండిపోతాయి.